తింటే ఆయాసం, తినకుంటే నీరసం: బరువు తగ్గగోరేవారికి కేలరీల లెక్క

“తింటే ఆయాసం, తినకుంటే నీరసం” అనే సామెతను తెలుగువారు హాస్యానికి వాడుతారు. బరువు తగ్గాలని నిశ్చయించుకొన్న మనిషికి మాత్రం అది హాస్యం కాదు, పూటపూటకూ ఎదురయ్యే చిక్కు. ఎక్కువ తింటే బరువు తగ్గదు. మరీ తక్కువ తింటే ఓపిక తగ్గుతుంది, కండ కరుగుతుంది, నెల తిరగకముందే నియమం చెదిరిపోతుంది. ఈ రెంటికీ నడుమ ప్రతి మనిషికీ తనదైన ఒక అంకె ఉంటుంది. ఆ అంకెను ఎలా తెలుసుకోవాలి, ఎంత మేరకు తగ్గించవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నదే ఈ వ్యాస విషయం.

మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ నగరానికి ఉత్తరాన ఉన్న ట్రాయ్ వంటి ఊళ్ళలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ లెక్క మరింత అవసరం. అక్కడ పని కుర్చీలో, ప్రయాణం కారులో. నవంబరు చివరినుంచి మార్చి దాకా చలి, మంచు. విస్తరిలో మాత్రం అన్నం, పప్పు, వేపుడు, నెయ్యి, పెరుగు యథాతథం. వారాంతాల్లో పుట్టినరోజులు, పాట్‌లక్ విందులు అదనం. తాతల నాటి అన్నపు రాశి మిగిలింది. దానిని అరిగించిన పొలం పని మిగలలేదు.

కేలరీ అంటే ఏమిటి?

ఆహార విషయంలో కేలరీ అని వాడే మాట శాస్త్రరీత్యా కిలోకేలరీ. ఒక కిలోగ్రాము నీటిని ఒక సెంటీగ్రేడు డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన శక్తి అది. అమెరికాలో సరకుల డబ్బాలపై కనిపించే అంకె ఇదే. 19వ శతాబ్దం చివర కనెక్టికట్ రాష్ట్రంలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో విల్బర్ ఆట్‌వాటర్ అనే శాస్త్రజ్ఞుడు మనుషులను మూసిన గదిలో ఉంచి, వారు తిన్న ఆహారాన్నీ, విడిచిన ఊపిరినీ, వారి ఒంటినుంచి వెలువడిన వేడినీ కొలిచాడు. పిండిపదార్థాలు గ్రాముకు 4, మాంసకృత్తులు గ్రాముకు 4, కొవ్వు గ్రాముకు 9 కేలరీలు అనే స్థూలమైన లెక్క ఆయన పరిశోధనల ఫలితమే. మద్యానికి గ్రాముకు 7 కేలరీలు.

ఈ శక్తి శరీరంలో పొయ్యిలోని కట్టెలా ఒక్కసారిగా మండిపోదు. ఏ.టి.పి. అనే అణువు రూపంలో, పెద్ద నోటును చిల్లరగా మార్చుకొన్నట్లు, కొద్దికొద్దిగా ఖర్చవుతుంది. 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో ఈ అణువును కండరాలనుంచి వేరుచేశాడు. అదే ఏట జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దీనిని విడిగా కనుగొన్నాడు. ఖర్చుకు మించి వచ్చిన శక్తిని శరీరం ప్రధానంగా కొవ్వుగా నిలవ చేస్తుంది. బరువు తగ్గడమంటే ఆ నిలవను తీసి వాడుకోవడం.

కొద్దిపాటి తగ్గుదలకు ఎందుకింత విలువ?

కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే సంఖ్యను శరీర భార సూచిక అంటారు. సాధారణంగా ఇది 25 దాటితే అధిక బరువుగా లెక్కిస్తారు. ఆసియా ప్రజలలో అంతకన్న తక్కువ సూచిక వద్దనే మధుమేహం, గుండెజబ్బు కనిపిస్తున్నందున, 23 నుంచే జాగ్రత్త అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో సూచించారు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో ఆసియా సంతతి వారికి మధుమేహ పరీక్ష విషయంలో ఈ 23 అంకెనే స్వీకరించింది.

దీనికి కారణం శరీర నిర్మాణంలో ఉంది. పూణే వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌లోని ఆచార్యుడు జాన్ యూడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఛాయాచిత్రాన్ని ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు. ఇద్దరి శరీర భార సూచిక సమానం, 22.3. యూడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. త్రాసు మీద ఇద్దరూ సన్ననివారే. భారతీయుని సన్నదనంలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వులోనూ పొట్టలోపల చేరేది ఎక్కువ. అందువల్ల తెలుగువారికి త్రాసుతోపాటు కొలత టేపు కూడా ముఖ్యం. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటడం హెచ్చరికగా భావించాలి.

ఊరట కలిగించే సంగతి మరొకటి ఉంది. ప్రయోజనం పొందడానికి పెళ్ళినాటి బరువుకు చేరనక్కరలేదు. మధుమేహం రాబోయే దశలో ఉన్న 3,234 మందిపై అమెరికాలో జరిగిన మధుమేహ నివారణ కార్యక్రమ ఫలితాలు 2002లో వెలువడ్డాయి. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక వంటి వ్యాయామం అక్కడి లక్ష్యాలు. ఆ మార్గం అనుసరించినవారిలో మధుమేహం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వాడినవారిలో 31 శాతమే తగ్గింది. 2006లో ప్రకటితమైన మద్రాసు పరిశోధనలో, బరువు పెద్దగా తగ్గకపోయినా, ఆహార వ్యాయామ నియమాలవల్ల మధుమేహం 28.5 శాతం తగ్గింది. 78 కిలోల మనిషికి 7 శాతమంటే అయిదున్నర కిలోలు. అది అసాధ్యమైన గమ్యం కాదు.

ఖర్చు తెలిసినప్పుడే పొదుపు

డబ్బాల మీది పట్టికలు రోజుకు 2,000 కేలరీలను ప్రమాణంగా చూపుతాయి. అది సరకులను పోల్చుకోవడానికి ఏర్పరచిన అంకె మాత్రమే. ప్రతి మనిషికీ విధించిన మోతాదు కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, కూర్చుని పనిచేసే 65 కిలోల పురుషునికి రోజుకు 2,110, 55 కిలోల స్త్రీకి 1,660 కేలరీలు కావాలి. ఆలుమగల మధ్యనే అంత తేడా ఉండగా, ఇద్దరికీ ఒకే నియమం ఎలా పొసగుతుంది?

ఏ పనీ చేయక పడుకొని ఉన్నా గుండె, మెదడు, కాలేయం, మూత్రపిండాలు నిరంతరం శక్తిని వాడుకొంటాయి. దీనిని మౌలిక జీవక్రియ అంటారు. దానిని అంచనా వేయడానికి మిఫ్లిన్, సెయింట్ జియోర్ అనే పరిశోధకులు 1990లో ఒక సూత్రం ఇచ్చారు. కిలోల బరువును 10 చేత, సెంటీమీటర్ల ఎత్తును 6.25 చేత గుణించి రెంటినీ కూడాలి. వయస్సును 5 చేత గుణించి ఆ మొత్తంనుంచి తీసివేయాలి. తరువాత పురుషులైతే 5 కలపాలి. స్త్రీలైతే 161 తీసివేయాలి. వచ్చిన సంఖ్యను, కుర్చీ పని చేస్తూ కొద్దిగా నడిచేవారు 1.4 చేత గుణిస్తే రోజు మొత్తం ఖర్చు సుమారుగా తెలుస్తుంది.

ఉదాహరణకు ట్రాయ్‌లోని ఒక కల్పిత దంపతులను తీసుకోవచ్చు. భర్త వయస్సు 45, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. 780, 1,062 కలిపి, 225 తీసివేసి, 5 కలిపితే 1,622. అది ఆయన మౌలిక జీవక్రియ. 1.4 చేత గుణిస్తే రోజు ఖర్చు దాదాపు 2,270 కేలరీలు. భార్య వయస్సు 42, ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు. అదే పద్ధతిలో ఆమె మౌలిక జీవక్రియ 1,270, రోజు ఖర్చు దాదాపు 1,780 కేలరీలు. ఇద్దరి శరీర భార సూచికలూ 27 చేరువలో ఉన్నా, ఖర్చులో దాదాపు 500 కేలరీల అంతరం ఉంది.

ఇది అంచనా మాత్రమే. సమానమైన ఎత్తు, బరువు ఉన్నవారిలోనూ నూటికి పది పాళ్ళ తేడా సహజం. అందువల్ల లెక్క వేసిన అంకెతో ప్రారంభించి, మూడు నాలుగు వారాలు త్రాసు చెప్పినదానిని బట్టి సరిదిద్దుకోవాలి.

ఎంత తగ్గించాలి? ఎక్కడ ఆగాలి?

అమెరికాలోని హృద్రోగ, స్థూలకాయ వైద్య సంఘాలు కలిసి 2013లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం, బరువు తగ్గగోరేవారు రోజు ఖర్చులోనుంచి 500 లేదా 750 కేలరీలు తగ్గించవచ్చు. లేదా స్త్రీలు 1,200 నుంచి 1,500, పురుషులు 1,500 నుంచి 1,800 కేలరీల మధ్య ఆహారం తీసుకోవచ్చు. రోజుకు 800 కేలరీలకు లోబడిన ఆహారం వైద్యుని ప్రత్యక్ష పర్యవేక్షణలో తప్ప కూడదు.

పొట్టి, సన్న కట్టు గల తెలుగువారికి 750 తగ్గింపు చాలామందిలో ఎక్కువే అవుతుంది. కొద్దిపాటి తగ్గుదలకు 300 నుంచి 500 కేలరీల తగ్గింపు చాలు. పై ఉదాహరణలో భర్త 500 తగ్గించి 1,770 కేలరీలు తినవచ్చు. భార్య 400 తగ్గించి 1,380 కేలరీలు తినవచ్చు. ఆమె కూడా భర్తతో సమానంగా తగ్గాలన్న పంతంతో 1,000 కేలరీల పట్టికను అనుసరిస్తే, తన మౌలిక జీవక్రియకే చాలనంత తక్కువ తింటున్నట్లు. అక్కడే ప్రమాదం మొదలవుతుంది.

ఒక పౌండు కొవ్వుకు 3,500 కేలరీలు గనుక, రోజుకు 500 తగ్గిస్తే వారానికి ఒక పౌండు చొప్పున ఏడాదికి 52 పౌండ్లు తగ్గుతామన్న లెక్క 1958నుంచి ప్రచారంలో ఉంది. మొదటి వారాలకు అది చేరువగానే ఉంటుంది. ఏడాదికి మాత్రం వర్తించదు. బరువు తగ్గేకొద్దీ శరీరపు ఖర్చూ తగ్గుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకు చెందిన కెవిన్ హాల్, సహచరులు 2011లో చూపిన లెక్క ప్రకారం, రోజుకు 10 కేలరీల శాశ్వత తగ్గింపు చివరకు ఒక పౌండు తగ్గుదలకు దారితీస్తుంది. అందులో సగం రావడానికి ఒక ఏడాది, దాదాపు పూర్తిగా రావడానికి మూడేళ్ళు పడతాయి. అంటే 500 కేలరీల తగ్గింపువల్ల మొదటి ఏడాదిలో ఆశించదగినది 52 కాదు, 25 పౌండ్లు. ఈ సంగతి తెలియనివారు ఆరవ నెలలో త్రాసు ముల్లు నెమ్మదించగానే తమ సంకల్పబలాన్ని నిందించుకొని నియమం వదిలేస్తారు. తప్పు సంకల్పానిది కాదు, లెక్కది.

తొందర తెచ్చే చేటు

ఇండియా ప్రయాణానికో, ఇంట్లో పెళ్ళికో రెండు నెలల్లో పది కిలోలు తగ్గాలన్న తొందర ప్రవాస కుటుంబాలలో సాధారణం. మొదటి వారంలో త్రాసు కూడా ఉత్సాహపరుస్తుంది. కాలేయంలో, కండరాలలో గ్లైకోజన్ అనే పిండిపదార్థం నిలవ ఉంటుంది. దానితోపాటు దాదాపు మూడు రెట్ల నీరు కూడా ఉంటుంది. ఆహారం తగ్గగానే ముందు పోయేది ఆ నీరే. తరువాత కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. తగ్గింపు ఎంత తీవ్రమైతే, మాంసకృత్తులు ఎంత తక్కువైతే, కండ నష్టం అంత హెచ్చు. రక్తంలోని చక్కెరను అధికంగా ఇముడ్చుకొనేది కండరమే. పుట్టుకతోనే కండ తక్కువగా ఉన్న జాతి, మధుమేహ భయంతో పస్తులుండి ఆ ఉన్న కండను పోగొట్టుకోవడం ఇల్లు కాపాడాలని దూలాలు తీసి అమ్మడం వంటిది. తిరిగి బరువు పెరిగినప్పుడు చేరేది ఎక్కువగా కొవ్వే.

మితిమీరిన కోత మనిషిని ఏం చేస్తుందో 1944–45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ జరిపిన ప్రయోగం చూపింది. ఆరోగ్యవంతులైన 36 మంది యువకులు 24 వారాలపాటు తమ అవసరంలో దాదాపు సగం, అంటే రోజుకు సుమారు 1,570 కేలరీలు తిన్నారు. బరువులో నాలుగోవంతు పోయింది. దానితోపాటు బలం, ఉత్సాహం, ఏకాగ్రత పోయాయి. నాడి నెమ్మదించింది, ఎల్లవేళలా చలి, మనసంతా తిండి మీదనే. పొట్టి స్త్రీకి సరిపోగల 1,570 అంకె శ్రమించే యువకునికి ఆకలి చావు వంటిదయింది. సురక్షితమైన అంకె ఎవరికి వారికే అన్న సత్యానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

వారానికి మూడు పౌండ్లకు మించి తగ్గేవారిలో పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడే అవకాశం హెచ్చు. జుట్టు ఊడడం, కళ్ళు తిరగడం, నెలసరి తప్పడం, అకారణమైన చలి, చిరాకు కనిపిస్తే తగ్గింపు శ్రుతిమించిందని గ్రహించాలి. తొలి రెండు వారాల తరువాత కూడా వారానికి రెండు పౌండ్లకు మించి తగ్గుతూ ఉంటే ఆహారం కొంత పెంచాలి. ఆకలిని తగ్గించే కొత్త మందులు వాడేవారికీ ఇదే వర్తిస్తుంది. సెమాగ్లూటైడ్‌ను బరువు తగ్గించే మందుగా అమెరికా ప్రభుత్వం 2021లో ఆమోదించింది. ఆకలి లేదని మాంసకృత్తులు మానితే అక్కడా నష్టపోయేది కండే.

వంటింటి లెక్క

నాలుగైదు వందల కేలరీలు ఎక్కడనుంచి తీయాలి? ముందుగా నూనెనుంచి. ఒక పెద్ద చెంచా నూనె 120 కేలరీలు. లీటరు నూనె సుమారు 8,200 కేలరీలు. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లు ఖర్చయితే మనిషికి రోజుకు 270 కేలరీలు కేవలం నూనెనుంచే వస్తున్నట్లు. సీసా తెరిచిన తేదీని దానిమీదనే రాసి, అది రెట్టింపు రోజులు వచ్చేటట్లు చూసుకొంటే 135 కేలరీలు ఎవరికీ తెలియకుండానే తగ్గుతాయి. నూనెను సీసాతో ఒంపకుండా చెంచాతో కొలిచి పోపు వేయడం, వేపుడు బదులు ఆవిరి కూర చేయడం, ఆవకాయలో పైన తేలిన నూనెను వడియగట్టడం ఇందుకు మార్గాలు.

తరువాతది అన్నం. ఒక కప్పు అన్నంలో సుమారు 200 కేలరీలు. చాలామంది పప్పుతో ఒకసారి, పులుసుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి వడ్డించుకొంటారు. పెరుగన్నం మాననవసరం లేదు. ముందే కప్పుతో కొలిచిన అన్నాన్ని మూడు భాగాలు చేసుకొని, కూరను అన్నానికి రెట్టింపు పెట్టుకొంటే చాలు. మూడవది, లెక్కలోకి రాని చిరుతిండి. గుప్పెడు జీడిపప్పు 160 కేలరీలు. రెండు చెంచాల చక్కెర, చిక్కని పాలతో రోజుకు మూడు కాఫీలు తాగితే మూడు వందల దాకా చేరతాయి.

తగ్గించకూడనివి మాంసకృత్తులు. బరువు తగ్గే కాలంలో కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు మంచివి. 66 కిలోల స్త్రీకి అది 66 నుంచి 79 గ్రాములు. పై ఉదాహరణలోని భార్యకు ఒక రోజు భోజనం ఇలా ఉండవచ్చు. ఉదయం మూడు చిన్న ఇడ్లీలు, ఒక కప్పు సాంబారు, వెన్న తీసిన పాలతో చక్కెర లేని కాఫీ: 330 కేలరీలు. మధ్యాహ్నం ముప్పావు కప్పు అన్నం, కప్పు ముద్దపప్పు, చిన్న చెంచా నూనెతో వండిన కూర, ముప్పావు కప్పు వెన్న తీసిన పెరుగు: 550. సాయంత్రం ఒక ఆపిల్ పండు: 95. రాత్రి నూనె లేని రెండు పుల్కాలు, 100 గ్రాముల కోడికూర, దోసకాయ ముక్కలు: 390. మొత్తం సుమారు 1,365. శాకాహారులు కోడికూర స్థానంలో మీల్ మేకర్ లేదా టోఫు వండుకోవచ్చు. ఇందులో పస్తు లేదు, పరాయి వంట లేదు.

డబ్బామీది అంకెకూ, లోపలి సరకుకూ నూటికి ఇరవై పాళ్ళ దాకా తేడా ఉండవచ్చు. కావున ఒక్కొక్క కేలరీ కోసం కలత చెందడం వృథా. వారం సగటు చాలు. శనివారపు విందులో ఒక బొబ్బట్టు తిన్నంతమాత్రాన నియమం భంగం కాదు. ఆదివారం పస్తుండి దానికి ప్రాయశ్చిత్తం చేసుకోవడమే అనర్థం.

నడక

అరగంట నడక సుమారు 100 నుంచి 130 కేలరీలు ఖర్చు చేయిస్తుంది. ఒక మాదిరి లడ్డూకు అది చాలదు. అయినా నడక విలువ కేలరీలలో లేదు. తగ్గిన బరువును నిలబెట్టడంలో, కండకు చక్కెరను ఇముడ్చుకొనే శక్తి ఇవ్వడంలో ఉంది. వారానికి రెండుమూడు సార్లు బరువులెత్తడం, గోడను ఆనుకొని గుంజీల వంటివి తీయడం కండను కాపాడుతాయి. ట్రాయ్ చలికాలంలో బయట నడవలేనివారికి బిగ్ బీవర్ రోడ్డుకు ఇరువైపులా విస్తరించి, వంతెనతో కలిసి ఉన్న సోమర్‌సెట్ అంగళ్ళ సముదాయం వంటి పొడవైన చోట్లు ఉన్నాయి. నడకకు మంచు అడ్డం కానక్కరలేదు.

ఎవరు ఈ లెక్క స్వయంగా చేయరాదు?

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పద్దెనిమిదేళ్ళు నిండనివారు కేలరీలు తగ్గించరాదు. ఇన్సులిన్ గాని, ఇన్సులిన్‌ను ఊరించే మాత్రలు గాని వాడేవారు ఆహారం తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందు మోతాదు మార్చేది వైద్యుడే. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాంసకృత్తుల మోతాదు కూడా వైద్యుడే నిర్ణయించాలి. ఆరు నెలల కోసం పిల్లల వద్దకు వచ్చిన వృద్ధ తల్లిదండ్రులను, ఇంటిల్లిపాదీ పాటిస్తున్నారు కదా అని, అదే కొలతలో కూర్చోబెట్టరాదు. ఆ వయస్సులో పోయిన కండ తిరిగి రావడం కష్టం.

పిల్లల విషయం ప్రత్యేకం. ఎదిగే పిల్లల ఎదుట పెద్దలు తమ ఒంటిని తిట్టుకోవడం, ప్రతి ముద్దకూ అంకె చెప్పడం, లావు సన్నాల ప్రసంగం చేయడం మంచిది కాదు. వారికి అంకెలు కాక అలవాట్లు అందాలి. ఇంట్లో నూనె తగ్గి, కూర పెరిగి, భోజనానంతరం నలుగురూ కలిసి నడిస్తే వారికి వేరే పాఠం అక్కరలేదు.

ఈ లెక్కను ఆచరణలో పెట్టదలచినవారికి కావలసిన సరంజామా స్వల్పం: ఒక త్రాసు, ఒక టేపు, ఒక కొలత కప్పు, ఒక చెంచా. వారానికి ఒకసారి, ఉదయం పరగడుపున, ఒకే వేళకు బరువు చూసుకోవాలి. నెలకొకసారి నడుము కొలవాలి. నాలుగైదు కిలోలు తగ్గినప్పుడు సూత్రాన్ని మళ్ళీ వేసి కొత్త అంకె కట్టుకోవాలి. ఏడు శాతం తగ్గిన తరువాత కొంతకాలం ఆ బరువును నిలబెట్టడమే లక్ష్యం కావాలి. ఆరు నెలల్లో అయిదు కిలోలు తగ్గి, ఆరేళ్ళ పాటు వాటిని దూరంగా ఉంచగలిగినవాడు, రెండు నెలల్లో పది తగ్గి పన్నెండు పెరిగినవాని కన్న ఆరోగ్యవంతుడు.